నోటి నిండా నీళ్లు

నోరు తెరవకుండా వాయించాలి. భద్రయ్య వకీలు పెట్టిన షరతు అదొక్కటే. మా షంషు హార్మోనియం వాయిస్తుంది, ఆయన మనవరాలు విజయ పాడుతుంది, పంద్రాగస్టు సభకు వచ్చే మిలిటరీ ఆఫీసరు చెవిన ఆయన ఒక మాట వేస్తాడు. ఆ మాటతో జైల్లో ఉన్న మా ఆయన ఇంటికి వస్తాడు. నోరు మూసుకోవడం పదేళ్ల పిల్లకు ఏమంత పని అని ఎవరైనా అంటారు.

మా పిల్లకు అది చేతకాదు. మొండితనం కాదు, నేర్పిన తీరు అట్లాంటిది.

నేర్పింది సోమయ్య మాస్టరు. ఒకప్పుడు నాటకాల కంపెనీల్లో హార్మోనియం వాయించేవాడు. కంపెనీలు మూతపడ్డాక రాంగోపాల్‌పేట్‌లో ఒక ప్రైవేటు బడిలో పాటల పంతులుగా కుదిరాడు. ఇల్లు మాత్రం లాలాగూడలో, మా వరసలోనే. సాయంత్రాలు అరుగు మీద చాప పరిచి గల్లీ పిల్లలకు నేర్పేవాడు. కొత్తగా చేరిన పిల్లను చాలాకాలం హార్మోనియం పెట్టె ముట్టనిచ్చేవాడు కాదు. ముందు పాడమనేవాడు. జోలపాటైనా సరే, బతుకమ్మ పాటైనా సరే. ఆ గొంతు ఏ మెట్టు దగ్గర కుదురుగా నిలుస్తుందో వెతికి, ఆ మెట్టు మీద సుద్దముక్కతో చుక్క పెట్టేవాడు.

"ఇగో, ఇది నీ ఇల్లు. ఏ పాటైనా ఈడికెల్లే బయల్దేరాలె, ఈడికే మర్లి రావాలె" అనేవాడు.

పాట గొంతులో నిలిచాకే వేలు మెట్టు మీద పెట్టనిచ్చేవాడు. అప్పుడైనా కళ్లు మూసుకోవాలి, నోరు తెరవాలి. వేలు తప్పితే వేలి వైపు చూడడు. "పాట తప్పింది. మల్ల పాడు" అంటాడు. ఇంకోచోట నేర్చుకునే పిల్లలు మెట్లు గుర్తుపెట్టుకుంటారు. మా గల్లీ పిల్లలకు మెట్లు తెలియవు. తల్లి కొంగు పట్టుకున్న పిల్లలాగా గొంతు ఎటు పోతే వేలు అటు పోయేది.

షంషున్నీసాను ఆ చాప మీద కూర్చోబెట్టింది వాళ్ల నాయనే. మా ఆయన అబ్బాస్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన మేనమామ దర్గాల దగ్గర ఖవ్వాలీ పాడేవాళ్ల వెనక పెట్టె వాయించి, పోతూ పోతూ ఆ పెట్టెను మా ఇంట్లో వదిలి పోయాడు. తిత్తికి రెండు చోట్ల తోలు అతుకులు. మాది భువనగిరి దిక్కు, ఇంట్లో మాటంతా తెలుగే. ఆయన పనినుంచి వచ్చి కాళ్లు కడుక్కోకముందే "ఏం పాడినవ్ బిడ్డా ఇయ్యాల" అని అడిగేవాడు. ఏం వాయించినవ్ అని ఎన్నడూ అడగలేదు.

యూనియన్ మిలిటరీ వచ్చి నిజాం రాజ్యం పోయిన తర్వాత ఆయనను పట్టుకపోయారు. ఖాకీ బట్టలతో రజాకార్ల వెంట తిరగంగ చూశామని ఎవరో చెప్పారట. వర్క్‌షాపులో ఖాకీ తొడగనివాళ్లెవరు? పక్కింటి మార్త మొగుడూ ఖాకీయే తొడుగుతాడు. ఆయనను ఎవరూ ఏమీ అనలేదు, పేరు వేరు కదా. మార్త మాత్రం నా కోసం గల్లీ అంతా తిరిగి పోట్లాడింది.

"రజాకార్లల్ల ఉంటే ఇన్నొద్దులు నూర్‌బీ అక్క చేతి ఉప్పులేని కూర తింటుండెనా ఆయన? జెర సోంచాయించి మాట్లాడుండ్రి" అనేది. నవ్వి ఊరుకునేవారు. జైలు గేటు దగ్గర టిఫిను ఇచ్చేసి వచ్చేదాన్ని. అది లోపలికి చేరేదో లేదో తెలియదు.

ఏడాది కావస్తుండగా ఒకరోజు సోమయ్య మాస్టరు మా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"చెల్లె, ఒక మాట జెప్త, నిమ్మలంగ ఇను."

"అంత మెల్లగ జెప్తున్నరంటే మంచిమాట గాదన్నట్టే అన్నా."

"మంచిమాటనే. వకీల్ సాబ్ మీ ఆయన కోసం మాట్లాడ్తడట. కమాండరు దొరనే సభకొస్తుండు."

తర్వాత షరతు చెప్పాడు. ఆ సభ కోసం మాస్టరు ఒక జెండా పాట కట్టాడు. దాన్ని మా షంషు గొంతుకని కట్టాడు. జెండా కర్రమీదికి ఎక్కినట్టు చరణంలో పాట పైపైకి ఎక్కుతుంది. ఆ గల్లీలో ఆ ఎత్తుకు చేరే గొంతు అదొక్కటే. పిల్ల అప్పటికే పాట నేర్చుకుని ఇంట్లో గిన్నెలు తోముతూ పాడుతోంది.

"షంషు కోసం కట్టిన పాట గద. ఇప్పుడు వాళ్ల పిల్ల పాడుడేంది?"

"బడి కమిటీకి ఆయనే పెద్ద. నేనేం జేస్త?"

"మరి పెట్టె మీరు వాయించుండ్రి."

"పిల్లలే పాడాలె, పిల్లలే వాయించాలె అంటుండు. తురకపిల్ల వాయిస్తుంటే మన పిల్ల పాడితే దొర చూసి మెచ్చుకుంటడట."

"ఇద్దరు గల్సి పాడితే మెచ్చడా?"

సోమయ్య మాస్టరు గడప చెక్కను గోటితో గీకాడు. "ఇద్దరు పాడితే జనం ఎవల్ని ఇంటరో ఆయనకు తెల్వదా చెల్లె."

నేను సరే అన్నాను. అనకుండా ఎట్లా ఉంటాను?

పిల్లను కూర్చోబెట్టి నోరు మూసి వాయించమన్నాను. పల్లవి మొదలు పెట్టింది. రెండో వరుసకు వచ్చేసరికి పెదవులు విడిపోయాయి, గొంతు బయటికి వచ్చింది. గద్దించాను. మళ్లీ మూసింది. ఈసారి వేళ్లు ఆగిపోయాయి. కళ్లు తెరిచి మెట్ల వైపు చూసింది, కొత్త ఊళ్లో దారి తప్పినట్టు.

"అమ్మీ, పాడకపోతే యాడికి పోవాల్నో తెలుస్తలేదు."

"లోపట పాడుకో."

"లోపట పాడితే నాకే ఇనబడ్తలేదు."

పెదవుల మీద నా వేలు పెట్టి చూశాను. వేలి కింద కూడా పాడింది. కొంగు కట్టి చూశాను. గుడ్డలోంచి మూలుగు వచ్చింది. మార్త గోడ మీదుగా చూసి, "పిల్ల నోరు గాదక్కా, మీ వకీలు నోరు గట్టాలె" అంది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు గంగాళంలోంచి గ్లాసు ముంచి పిల్ల చేతికిచ్చాను.

"నోటి నిండ పోస్కో. మింగొద్దు, ఉమ్మొద్దు. గట్లనే వాయించు."

నోట్లో నీళ్లుంటే పాడలేదు. మొదట చొక్కా అంతా తడుపుకుంది. తర్వాత పొలమారి దగ్గింది. కళ్ల నీళ్లు పెట్టుకుంది. నీళ్లు పడిపోయినప్పుడల్లా నేను మళ్లీ గ్లాసు నింపాను. రోజులు గడిచేకొద్దీ బుగ్గలు పొంగించుకుని, కళ్లు మెట్ల మీదే పెట్టి, వేళ్లను ఒక్కొక్కటే అక్కడికి తీసుకుపోవడం నేర్చుకుంది. మాస్టరు ఎన్నడూ చూడనివ్వని మెట్లను ఇప్పుడు చూసి చూసి కంఠతా పట్టింది. ఒకసారి నీళ్లు ఉమ్మేసి అడిగింది.

"అబ్బా వచ్చినంక పాడొచ్చా?"

"వచ్చినంక గల్లీ అంత ఇనబడేటట్టు పాడు. ఎవరొద్దన్నరు."

రిహార్సలుకు రాంగోపాల్‌పేట్‌లో వకీలు బంగళాకు తీసుకుపోయేదాన్ని. నన్ను వెనక వరండాలో కూర్చోమనేవారు. విజయ మంచి పిల్ల. మా పిల్ల కంటే ఏడాది చిన్నదేమో. గొంతు మెత్తగా, కిందిస్థాయిలో తియ్యగా ఉండేది. చరణం వచ్చేసరికి పాడీ పాడనట్టు మెల్లగా గొణిగి గట్టెక్కేది. వాళ్ల తాత పక్క గదిలో పేపరు చదువుతూ "శభాష్" అనేవాడు.

తిరిగి వస్తుండగా మాస్టరు నాతో అన్నాడు.

"పాట పైకెక్కేకాడ ఆ పిల్లకు గొంతు అందుతలేదు."

"వకీల్ సాబ్‌కు జెప్పుండ్రి మరి."

"మీ మనుమరాలికి గొంతు లేదని నేను జెప్పాల్నా?"

"పోనీ, షంషును కింది మెట్టుకెల్లి షురూ జెయ్యమనుండ్రి. ఆ పిల్లకు అందేటట్టు."

ఆయన నడుస్తూనే తల అడ్డంగా ఊపాడు.

"నోరు తెరిస్తే ఏ మెట్టుకెల్లైనా వాయిస్తది మీ పిల్ల. నోరు మూసినంక దానికొక్క తొవ్వనే తెల్సు. ఆ తొవ్వ మార్చాలంటే మల్ల మొదటికెల్లి నేర్పాలె. సభ నెత్తిమీదికొచ్చింది."

"అయితే ఎట్ల?"

"ఏమో. గట్లనే మెల్లగ పాడి గట్టెక్కుతది తియ్."

నేనూ అదే అనుకున్నాను. రిహార్సల్లో గట్టెక్కింది కదా.

పంద్రాగస్టు నాడు బడి మైదానంలో షామియానా వేశారు. తెల్లవారుజాము నుంచి ముసురు. ఆడవాళ్లను వెనక వైపు బెంచీల మీద కూర్చోబెట్టారు. కమాండరు దొర నిలువెత్తు మనిషి, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కనే భద్రయ్య వకీలు, కొత్త ఖద్దరు టోపీతో. ఏడాది కింద అదే నెత్తి మీద నిజాం కొలువుకు పెట్టుకునే రూమీ టోపీ ఉండేది. ఆ సంగతి చూసినవాళ్లందరూ ఆ షామియానా కిందే ఉన్నారు. ఎవరూ అనరు.

జెండా ఎగరేశాక పిల్లలు వేదిక ఎక్కారు. షంషుకు మార్త కూతురి తెల్ల గౌను తొడిగాను. పెట్టె ముందు కూర్చుని, నోట్లో నీళ్లు లేకపోయినా అలవాటుగా బుగ్గలు పొంగించింది. పల్లవి బాగా సాగింది. విజయ చేతులు జోడించి పాడింది. దొర తల ఊపాడు.

చరణం వచ్చింది. ఇంట్లో గొణిగినట్టు గొణిగితే మైదానంలో ఎవరికీ వినబడదు. ముందు వరుసలోంచి వకీలు "గట్టిగ, తల్లీ" అని చెయ్యి ఊపాడు. ఆ పిల్ల తాత మాట విని గట్టిగా అందుకుంది. గొంతు సగం ఎక్కి పగిలింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. షంషు ఆ వరుస మళ్లీ వాయించింది, అందుకోమన్నట్టు. విజయ మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ పగిలింది. ఈసారి నవ్వు రెండు మూడు వరుసలకు పాకింది. ఆ పిల్ల పాట ఆపేసింది. మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

షంషు తల ఎత్తి జనంలో నన్ను వెతికింది. చూసింది. దాని నోరు కొంచెం తెరుచుకుంది. ఆ పాట దానిది. దాని గొంతు కొలత తీసి కుట్టిన పాట. ఒక్క ఊపిరి తీస్తే ఆ ఎత్తుకు పోయి నిలబడేది.

నేను నా పెదవుల మీద వేలు పెట్టుకున్నాను.

అది నోరు మూసుకుంది. పాట చివరి వరకూ, మాట లేకుండా, వేళ్లతోనే వాయించింది. ఒక్క మెట్టు తప్పలేదు. విజయ పక్కన నిలబడి ఏడుస్తూనే ఉంది. అయిపోయాక దొర మర్యాదకు చప్పట్లు కొట్టాడు. పెట్టె వైపు చూసి కొట్టాడు.

మరునాడు పిల్లను తీసుకుని బంగళాకు పోయాను. సోమయ్య మాస్టరు అప్పటికే మెట్ల కింద నిలబడి ఉన్నాడు. భద్రయ్య వకీలు వాలుకుర్చీలోంచి లేవలేదు.

"మళ్ల ఏం మొఖం పెట్టుకొని వచ్చినవ్?"

"మా ఆయన సంగతి, దొరా. కమాండరు దొరతోని ఒక మాటన్నరా అని."

"ఏమని మాట్లాడాలె నేను? పది మందిల నా మనుమరాలు నగుబాటైతుంటే ఆయన పక్కన కూసున్న. ఆ సమయంల నీ మొగుని ముచ్చట తియ్యాల్నా?"

"మా పిల్ల ఏం తప్పు జెయ్యలేదు దొరా."

"తప్పు జెయ్యలేదా? అందరాని కాడ పెట్టింది శ్రుతి. కావాలని పెట్టింది. పాపను పైకెక్కించి కింద పడేసింది."

నేను మాస్టరు వైపు చూశాను. ఆ శ్రుతి ఎవరిదో, ఎందుకు మారలేదో ఆయనకు తెలుసు. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఆయన కొలువు ఆ బడిలో, ఆ వకీలు చేతిలో.

"నోరు మూస్కొని వాయించుమన్నరు. గట్లనే వాయించింది" అన్నాను.

"మూస్కొమ్మంటే చచ్చేదాంక మూస్కోవాల్నా? పాప ఆగినప్పుడు అందుకుంటే పాటన్న దక్కుండె, నా పరువు దక్కుండె. మూగదా అది? నోరు లేదా దానికి?"

షంషు నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు కూడా నోరు తెరవలేదు.

ఆ తర్వాత నేను ఎవరి గడపా ఎక్కలేదు. ఎక్కడానికి తెలిసిన గడప ఇంకొకటి లేదు. వానలు పోయాయి, చలి వచ్చింది. చలి వెనకపడుతుండగా ఒకరోజు పగటిపూట మార్త పరిగెత్తుకుంటూ వచ్చింది. జైలు నుంచి మనుషులను లారీల్లో తెచ్చి స్టేషను దగ్గర దింపుతున్నారని చెప్పింది. సాక్ష్యం దొరకని వాళ్లందరినీ ఒక్కసారే వదిలేశారట. పోయి చూస్తే నిజమే. అన్నెంపున్నెం ఎరగని ముసలాళ్లున్నారు. తన పేరు తాను చెప్పుకోలేని ఫకీరు ఒకడున్నాడు, వాడి కోసం ఏ వకీలు మాట్లాడి ఉంటాడు? ఆ గుంపులో గోడకు ఆనుకుని మా ఆయన కూర్చుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి స్నానం చేసి, అన్నం ముట్టకముందే పిల్లను పిలిచాడు.

"ఏదన్న పాడు బిడ్డా."

షంషు పెట్టె తెచ్చి ముందు పెట్టుకుంది. మెట్ల వైపు చూస్తూ శుభ్రంగా వాయించింది. పెదవులు కుట్టేసినట్టు ఉన్నాయి.

"పాడు బిడ్డా."

"వాయిస్తున్న గద అబ్బా."

ఆయన నా వైపు చూశాడు. నేను జరిగింది చెప్పాను. నీళ్ల సంగతి కూడా చెప్పాను.  ఆయన పిల్ల దగ్గరికి జరిగి, తానే ఒక పాత ఖవ్వాలీ ఎత్తుకున్నాడు. జైలు దగ్గు అడ్డం వచ్చింది. షంషు వేళ్లతో ఆయన వెంట వచ్చింది. గొంతు కలపలేదు. ఎంత అడిగినా, "రెండు ఒక్కపారి వస్తలేవు అబ్బా" అంది.

వారం తిరక్కుండా సోమయ్య మాస్టరు వచ్చాడు. ఈసారి కూడా గడప దాటలేదు.

"అబ్బాస్ భాయ్, వకీల్ సాబ్ చాన సంతోషపడ్డడు నువ్వొచ్చినందుకు. ఆయన మాట మీదనే వదిలిండ్రట."

నేను పొయ్యి దగ్గర నుంచి లేచాను. మా ఆయన నా వైపు చెయ్యి చాపి ఆగమన్నాడు.

"అట్లనా మాస్టర్ సాబ్."

"ఆఁ. నువ్వొకసారి వచ్చి కనబడితే మంచిగుంటది. ఇంకొకటి. విజయమ్మకు మల్ల పాట షురూ చేసినం. వారానికొక్కపారి, బేస్తారం నాడు షంషు వచ్చి వాయిస్తే... ఈసారి ఆ పిల్ల గొంతుకే నేర్పిస్త లే."

"పంపిస్త" అన్నాడు మా ఆయన.

మాస్టరు పోయాక నేను ఊరుకోలేకపోయాను.

"ఎవరి మాట మీద వచ్చినవ్? ఆయన ఏ మాటా అనలేదు. నన్ను ఎల్లగొట్టిండు. అందర్ని వదిలిండ్రు, నిన్నూ వదిలిండ్రు. ఆ ఫకీరు కోసం సుత వకీలే మాట్లాడిండా?"

"నాకు తెల్వదా నూర్‌బీ? ఆ లారీల నేను గూడ ఉన్న గద."

"తెల్సి పోతవా?"

"పోతా. వర్క్‌షాపుల నన్ను మల్ల తీసుకోవాలంటే ఎవరన్న ఒకరు, వీడు నా మనిషి అనాలె. గల్లీల ఎవడన్న వేలు జూపిస్తే, వీణ్ని వకీల్ సాబ్ ఇడిపించిండు అని ఇంకొకడనాలె. మనం ఉండాల్సింది ఈడనే గద. ఆయన అబద్ధమే మనకు నీడ."

"పిల్ల సంగతి?"

బేస్తారం నాడు ఆయన అంగీ తొడుక్కున్నాడు. గుండీలు వరస తప్పి పెట్టుకున్నాడు. నేను పోయి సరిచేశాను. వర్క్‌షాపు ఖాకీ అంగీ కాదు, మార్త మొగుడిచ్చిన తెల్ల చొక్కా.

ముగ్గురం బయలుదేరాం. ఆయన ముందు, మోకాలు ఈడ్చుకుంటూ. నేను పూలదండ పొట్లం పట్టుకుని వెనక. రైలు పట్టాలు దాటుతుండగా షంషు ఆయన చెయ్యి పట్టుకుని అడిగింది.

"అబ్బా, వకీల్ సాబే ఇడిపించిండా నిన్ను?"

ఆయన దగ్గు అడ్డం పెట్టుకుని మొఖం అటు తిప్పాడు. పిల్ల నా వైపు తిరిగింది.

"అవ్ బిడ్డా" అన్నాను.